పాటల పెట్టె ఉద్యోగం తెస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డుతో ఇంట్లో పాటలు వినిపించే పెట్టె తయారు చేస్తానని సెలవులన్నీ దాని మీదే పెట్టింది. ఫ్యాన్ ఉండకూడదు, ఏ చప్పుడూ రాకూడదు అని పంతం. పాటలు ఎప్పుడో వచ్చాయి, అయినా వదలడం లేదు. తోటివాళ్లంతా కోడింగ్ పరీక్షలకు తయారవుతున్నారు. దీనివల్ల ఉద్యోగానికి ఏమైనా ఉపయోగం ఉందా, మాన్పించమంటారా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నా కళ్లు ఒక్క మాట దగ్గర ఆగాయి. ‘పాటలు ఎప్పుడో వచ్చాయి, అయినా వదలడం లేదు’ అన్నారు. మీకు బెంగ పుట్టించిన ఆ మాటే నాకు ఆశ పుట్టించింది. పాట మోగించడం పెద్ద పని కాదు. రాస్ప్‌బెర్రీ పై లాంటి బోర్డు తెచ్చి, వోల్యూమియో వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఎస్‌డీ కార్డులోకి ఎక్కిస్తే గంటలో పాట వస్తుంది. అంతటితో ఆపి దాన్నే ప్రాజెక్టుగా రాసుకున్నవాళ్లను చాలామందిని చూశాను. మీ అమ్మాయి ఆ తర్వాత ఏం చేస్తోందన్నదే తేల్చుకోవాలి.

ఒకసారి కొత్త ఇంజనీర్లను ఎంపిక చేసేవాళ్ల పక్కన నేనూ కూర్చున్నాను. ఒక కుర్రాడు ఇలాంటి పెట్టెనే తెచ్చి బల్ల మీద పెట్టాడు. ముందువైపు టచ్ స్క్రీన్, దాని మీద ఆల్బమ్ బొమ్మ, చూడముచ్చటగా ఉంది. ఎదురుగా ఉన్న పెద్దాయన ఆ స్క్రీన్ వంక చూడనే లేదు. “పాట మోగుతుండగా ఈ వైరు పీకేస్తే ఏమవుతుంది?” అన్నారు. “పాట ఆగిపోతుందండీ” అన్నాడు కుర్రాడు. అందరం నవ్వాం, పాపం అతనూ నవ్వాడు. కానీ పెద్దాయన అడిగింది వేరు. కార్డు మీద ఏదో రాస్తున్న క్షణంలో కరెంటు పోతే ఫైళ్ల అమరిక చెడిపోయి, మర్నాడు పెట్టె అసలు లేవకపోవచ్చు. పాటల పెట్టెను ఎవరూ కంప్యూటర్‌లా పద్ధతిగా మూయరు, గోడ దగ్గర స్విచ్ కట్టేస్తారు. అందుకే కార్డును చదవడానికి మాత్రమే వీలుండేలా చేసి, రాతలన్నీ బోర్డులోని ర్యామ్ మెమరీలో జరిగేలా చూడాలి. పైకోర్‌ప్లేయర్ అనే సాఫ్ట్‌వేరైతే మొత్తంగా మెమరీలోకి ఎక్కే నడుస్తుంది. ఈ ప్రశ్న ఇవాళే మీ అమ్మాయిని అడిగి చూడండి. ఆమె జవాబు మీకు పూర్తిగా అర్థం కాకపోయినా ఫర్వాలేదు. తడుముకుంటోందా, ఉత్సాహంగా చెబుతోందా అన్నది తల్లికి తెలిసిపోతుంది.

ఇక చప్పుడు సంగతి. ఇందులో రెండు పనులున్నాయి. ఫ్యాన్ తీసేయడం సులువైనది. పాట వినిపించడానికి ప్రాసెసర్ పెద్దగా కష్టపడదు కాబట్టి హీట్‌సింక్, అంటే వేడిని పీల్చి గాలికి వదిలే లోహపు ముక్క, సరిపోతుంది. రాస్ప్‌బెర్రీ పైలో వేడి 80 డిగ్రీలకు చేరితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, ఆ దరిదాపులకు పోకుండా చూసుకోవాలి. పెట్టెను లోహంతో చేస్తే వేడి బయటికి పోతుంది, కానీ వైఫై లోపలికి రావడం కష్టమవుతుంది. చెక్కతో చేస్తే వైఫై బాగుంటుంది, వేడి లోపలే కూర్చుంటుంది. ఆమె దేన్ని ఎంచుకుందో, ఎందుకు ఎంచుకుందో రెండు వాక్యాల్లో రాసి పెట్టుకోమనండి.

రెండోది స్పీకర్‌లో వినిపించే మోత. సెలవులు కరిగిపోయింది ఇక్కడేనని నా అనుమానం. పాత రాస్ప్‌బెర్రీ పై బోర్డుల్లో హెడ్‌ఫోన్ పెట్టుకునే చోటు ఉండేది గానీ, దాని వెనక అంకెలను ధ్వనిగా మార్చే అసలైన డ్యాక్ చిప్ ఉండేది కాదు. పల్స్‌ల వెడల్పు మారుస్తూ ఎలాగో నెట్టుకొచ్చేవి. 2023లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 5లో ఆ చోటే లేదు. అందుకని డ్యాక్ బోర్డును విడిగా తెచ్చి 40 పిన్నుల మీద బిగిస్తారు. ఆ రెండు బోర్డులూ ఐ2ఎస్ అనే పద్ధతిలో మాట్లాడుకుంటాయి. ఫిలిప్స్ సంస్థ 1986లో రూపొందించిన పద్ధతి అది. ముఖ్యమైన తీగలు మూడే. ఒకటి బిట్టు బిట్టుకూ తాళం కొడుతుంది, ఒకటి ఇది ఎడమ చెవిదా కుడి చెవిదా అని చెబుతుంది, మూడోది సంగీతాన్ని మోస్తుంది.

ఆ తాళం దగ్గర ఒక ముచ్చటైన చిక్కుంది. సీడీ నాణ్యత గల పాటలో సెకనుకు 44,100 నమూనాలు, అంటే ధ్వనిని కొలిచిన అంకెలు, ఉంటాయి. రాస్ప్‌బెర్రీ పై 4 బోర్డు మీద తాళానికి ఆధారమైన స్ఫటికం 54 మెగాహెర్ట్జ్‌ది. 5,40,00,000ను 44,100తో భాగించి చూడండి, శేషం మిగులుతుంది. అందువల్ల బోర్డు ఒక అడుగు పొడుగ్గా, ఒక అడుగు పొట్టిగా వేస్తూ సగటు మీద లెక్క సరిపెడుతుంది. మేలైన డ్యాక్ బోర్డుల మీద సొంత స్ఫటికాలు రెండు ఉంటాయి. ఒకటి 22.5792 మెగాహెర్ట్జ్, రెండోది 24.576. మొదటిదాన్ని 512తో భాగిస్తే సరిగ్గా 44,100. రెండోదాన్ని అదే 512తో భాగిస్తే 48,000. అప్పుడు తాళం డ్యాక్ వేస్తుంది, కంప్యూటర్ దాని వెంట నడుస్తుంది. ఈ తేడా చెవికి తెలుస్తుందా అన్న తగవులో నేను తలదూర్చను, దాని మీద రాత్రుళ్లు వాదించుకునేవాళ్లు వేరే ఉన్నారు. కానీ ఈ భాగహారాన్ని తనంతట తానుగా కాగితం మీద వేసి చూపే విద్యార్థిని ఎంబెడెడ్ రంగంవాళ్లు, అంటే యంత్రాల్లో ఒదిగే చిన్న కంప్యూటర్లు తయారుచేసేవాళ్లు, తొందరగా లేవనివ్వరు.

మోతను పట్టుకున్న తీరు కూడా అడగండి. ఒకే శ్రుతిలో గుయ్‌మంటుంటే చాలావరకు అది కరెంటు లైను నుంచి వచ్చేదే. ఆంప్లిఫయర్‌కూ బోర్డుకూ మధ్య ఎర్త్ రెండు దారుల్లో కలిస్తే అలా మోగుతుంది. బోర్డును పవర్ బ్యాంకు మీద నడిపినప్పుడు మోత పోతే దొంగ దొరికినట్టే. పాట మధ్యలో తెగిపోవడం వేరే జబ్బు. సీడీ నాణ్యత పాటకు సెకనుకు సుమారు 176 కిలోబైట్లు చాలు, అంతమాత్రం ఇంటి వైఫై మోస్తుంది. కాబట్టి చూడాల్సింది వేగం కాదు, మధ్యలో వచ్చే ఆలస్యం. విద్యుత్ పొదుపు కోసం వైఫై కునుకు తీస్తోందేమో! నెట్‌వర్క్ కేబుల్ తగిలించినా తెగుతుంటే అడాప్టర్‌ను అనుమానించాలి. 5 వోల్టులు అందాల్సిన చోట సన్నని తీగ వల్ల దాదాపు 4.63 కన్నా కిందికి జారితే బోర్డే హెచ్చరిక నమోదు చేసి ఉంచుతుంది. ఒకసారికి ఒక్కటే మార్చి, ఏమైందో తేదీతో రాసుకున్న నోటుబుక్కు ఆమె దగ్గర ఉంటే, నా దృష్టిలో పెట్టెకన్నా ఆ నోటుబుక్కే విలువైనది. లేకపోతే జ్ఞాపకం ఉన్నంతవరకు ఇప్పుడైనా రాయమనండి.

ఏ ఉద్యోగం వైపు వెళ్లాలన్నది, ఈ సెలవుల్లో ఆమె ఎక్కడ ఎక్కువసేపు ఆగిపోయిందో చూస్తే తెలుస్తుంది. బోర్డును నడిపే లినక్స్ వ్యవస్థ ఇచ్చే కెర్నెల్ సందేశాలు చదువుతూ, డ్యాక్‌ను అది ఎందుకు గుర్తించడం లేదని తవ్వుతూ కూర్చుందా? అయితే ఎంబెడెడ్ లినక్స్, పరికరాలను నడిపే సాఫ్ట్‌వేరైన డివైస్ డ్రైవర్లు. పవర్ సప్లయి, టంకం, ఎర్త్ తీగలతో కుస్తీ పట్టిందా? అయితే హార్డ్‌వేర్ డిజైన్. సర్క్యూట్లు గీసే కైక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక చిన్న డ్యాక్ బోర్డు తనే గీసి చూడవచ్చు, కాలేజీ ల్యాబ్‌లో విద్యుత్ అలలను తెర మీద చూపే ఆసిలోస్కోప్ ముందు ఇంకొంత సేపు గడపవచ్చు. ఫిల్టర్లు, ఈక్వలైజర్ల మీద మనసు పోతే సిగ్నల్ ప్రాసెసింగ్. దానికి గణితం గట్టిగా ఉండాలి, పీజీ చేస్తే మేలు. కార్లలోని ఆడియో వ్యవస్థలు, వినికిడి యంత్రాలు, వైర్‌లెస్ ఇయర్‌ఫోన్లు తయారుచేసే చోట్ల ఈ మూడు రకాలవాళ్లూ కావాలి.

మీ భయంలో సగం నిజం ఉంది, దాన్ని కొట్టిపారేయను. చాలా సంస్థల్లో మొదటి గడప కోడింగ్ పరీక్షే. అది దాటకపోతే పెట్టెను చూసేవాళ్లే ఉండరు. రోజుకు రెండు గంటలు సి భాషకూ, డేటా స్ట్రక్చర్లకూ కేటాయించాల్సిందే. అది ఈ పనికి దూరమైనదేమీ కాదు. పాట తెగకుండా ముందే కొంత డేటాను నింపి ఉంచుకునే బఫర్, పుస్తకంలో ఆమె బట్టీ పట్టే వలయాకారపు క్యూ ఒకటే. దాన్ని సి లో సొంతంగా రాసి, లినక్స్‌లో ధ్వని సంగతి చూసే ఆల్సా ద్వారా ఒక్క స్వరం తెగకుండా మోగించమనండి. పరీక్షకూ పనికొస్తుంది, ప్రాజెక్టులో తన సొంత కోడ్ కూడా చేరుతుంది.

మాన్పించవద్దు. పరీక్షలు దగ్గరపడితే పెట్టె మూత బిగించి అలమరలో పెట్టేయమనండి, కానీ కరెంటు తీసేయమని చెప్పవద్దు, అది నడుస్తూనే ఉండాలి. పది నిమిషాలకోసారి వేడి ఎంతో, పాట ఎన్నిసార్లు తెగిందో పక్క కంప్యూటర్‌కు పంపి నమోదు చేసే చిన్న ప్రోగ్రామ్ ఒకటి రాసి పెడితే చాలు. ఆమె పరీక్షలు రాసి వచ్చేసరికి, రెజ్యూమెలో వేసుకోవడానికి కొలిచిన అంకెలు ఆ పెట్టే సిద్ధం చేసి ఉంచుతుంది.