గోడ వెనక నీళ్లకు దారి ఉందా?

ప్రశ్న: మా ఇల్లు గుట్ట వారన ఉంది. జేసీబీతో గుట్టను చెక్కించి 10 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తున రాతిగోడ కట్టించాం. పోయిన నవంబరు వానలకు గోడ నడుమ పొట్ట ఉబ్బింది. గోడకు పెట్టిన పైపుల్లోంచి మాత్రం చుక్క నీరు రాలేదు. ముందువైపు కాంక్రీటు పూత వేస్తే చాలని మేస్త్రి అంటున్నాడు. వేయించమంటారా?
- ఒక పాఠకుడు, వేంపల్లె, కడప జిల్లా

జవాబు: వేయించకండి. అంత వానలోనూ పైపులు పొడిగా ఉన్నాయంటే వెనక నీళ్లు లేవని కాదు, బయటికి రాలేక నిలిచిపోయాయని. 3 మీటర్ల ఎత్తున నీరు నిలిస్తే మీటరు పొడవు గోడ మీద పడే తోపు నాలుగున్నర టన్నులు. పొడిమట్టి తోపు సుమారు రెండున్నర నుంచి మూడు టన్నులే. మట్టిని ఆపే గోడ నీటిని కూడా ఆపాల్సి వస్తే పొట్ట ఉబ్బక మానదు. ముందు పూత వేస్తే రాళ్ల సందుల్లోంచి కారే ఆ కొంచెం నీరూ ఆగిపోతుంది.

పైపులు మూసుకుపోవడానికి ఎక్కువచోట్ల కారణం ఒకటే. గుట్ట చెక్కగా వచ్చిన జిగురుమట్టినే తిరిగి గోడ వెనక నింపేస్తారు. కంకర పొర లేకపోతే ఆ మట్టి మొదటి వానకే పైపు మూతిని పూడ్చేస్తుంది.

ఈ పని ఫిబ్రవరి, మే నెలల మధ్య పెట్టుకోండి. ముందుగా తూకంగుండు వేలాడదీసి గోడ ఎంత ఒరిగిందో మూడు చోట్ల కొలిచి రాసుకోండి. నెల తర్వాత కొలత పెరిగి ఉంటే అది ఇంటివాళ్లు చేసుకునే పని కాదు. ఆ వైపు గది ఖాళీ చేసి ఇంజినీరును పిలవండి.

పెరగకపోతే గోడకు కొత్త రంధ్రాలు వేయించండి. 100 మి.మీ. వెడల్పు, మీటరుకు ఒకటి, పై వరస రంధ్రం కింది వరస రెండు రంధ్రాల నడుమకు రావాలి. అడుగు వరస నేలకు 15 సెం.మీ. పైన ఉండాలి. రంధ్రం బయటివైపుకు 20కి 1 చొప్పున వాలాలి. పైపు లోపలి కొసకు జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని వదిలి మట్టిని ఆపే గుడ్డ) చుట్టి దించండి. ఉబ్బిన చోట మొదలుపెట్టకుండా రెండు చివరల నుంచి లోపలికి రండి. రంధ్రం పడగానే బురదనీరు ఒక్కసారిగా ఎగజిమ్మవచ్చు, ఎదురుగా ఎవరూ నిలబడకూడదు.

అసలు మందు గోడ వెనక కంకర. గోడను ఆనుకుని 60 సెం.మీ. వెడల్పున తవ్వి, మట్టివైపు గుడ్డ పరిచి 20-40 మి.మీ. కంకర నింపాలి. అడుగున 110 మి.మీ. చిల్లుల పైపు, చిల్లులు కిందికి ఉండేలా, 100కి 1 వాలుతో వేసి గోడ చివర బయటికి తీయాలి. పైన 40 సెం.మీ. మాత్రం జిగురుమట్టి దిమ్మిస కొట్టి మూయండి, వాననీరు నేరుగా దిగదు. మీ గోడకు కంకర దాదాపు 16 ఘనపు మీటర్లు, అంటే ఐదున్నర యూనిట్లు (యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు) పడుతుంది. ఒకేసారి మొత్తం తవ్వకండి. 2 మీటర్లు తవ్వి, నింపి, అప్పుడు పక్కదానికి వెళ్లండి. పలకలు, పోట్లు పెట్టకుండా ఆ గుంతలోకి మనిషిని దింపవద్దు. ప్రాణం పోయేది అక్కడే.

ప్రశ్న: గుట్ట వాలున చీనీ తోట ఉంది. నీళ్లు ఇంకాలని వాలుకు అడ్డంగా కందకాలు తీశాం. కింద కాలనీ దారి కోసం గుట్టను నిలువుగా చెక్కారు. ఆ అంచుకు 6 మీటర్ల పైన నేల పొడవునా నెర్రె విచ్చింది. కందకాల వల్లనేనా?
- ఒక పాఠకురాలు, రాయదుర్గం, అనంతపురం జిల్లా

జవాబు: చాలావరకు అవునమ్మా. ఏడాదికి 550 మి.మీ. అటూఇటూ వాన పడే జిల్లాలో చుక్క కూడా వదలకూడదనుకోవడం న్యాయమే. కానీ చెక్కిన అంచు పైన ఇంకిన నీరు బోరుకు చేరదు, గరుసు కింద గట్టిబండ మీద నిలిచి పైమట్టిని జారేలా చేస్తుంది. కందకాలు తోట పైభాగంలో, కింద ఇళ్లూ దారీ లేనివైపు ఉంచుకోండి. అంచుకు దగ్గరవి పూడ్చేసి, వాటి బదులు నీటిని పక్కకు మళ్లించే కాలువ తీయండి.

ఎకరా వాలు మీద గంటకు 60 మి.మీ. వాన పడితే ఇంకింది పోను సెకనుకు సుమారు 40 లీటర్లు కిందికొస్తాయి. 45 సెం.మీ. వెడల్పు, అంతే లోతు, 50కి 1 వాలు ఉన్న కాలువ నాలుగైదు ఎకరాలకు చాలుతుంది. అంచుకు కనీసం 5 మీటర్లు పైన, నెర్రె కన్నా ఇంకా పైన ఉండాలి. ఆ వాలులో నీరు సెకనుకు 2 మీటర్ల వేగం అందుకుని మట్టి కాలువను కోసేస్తుంది. లైనింగ్ లేని కాలువ అసలు లేకపోవడం కన్నా చెడ్డది, వాలు నెత్తినే నీళ్లు తాగిస్తుంది. నాపబండలు పరిస్తే కింద పాలిథిన్ పట్టా, 10 సెం.మీ. కాంక్రీటు వేసి సందులు 1:4 సిమెంటు, ఇసుక మాలుతో పూడ్చండి. చివర వంకలోకి దిగేచోట మెట్లు కట్టాలి.

నెర్రెను 30 సెం.మీ. లోతు తవ్వి జిగురుమట్టితో కూరి, పైన టార్పాలిన్ కప్పండి. రెండు వైపులా ఇనుప మేకులు దిగ్గొట్టి మధ్య దూరం వారానికోసారి, వానల్లో రోజూ కొలవండి. పెరుగుతుంటే కింది దారిలో రాకపోకలు ఆపించాలి. వాన వెలిసిందని కొలవడం మానకండి. 2021 నవంబరు వానల తర్వాత తిరుమల రెండో ఘాట్ రోడ్డు మీద బండరాళ్లు పడింది డిసెంబరు 1న.

ప్రశ్న: వాలు జారకుండా వట్టివేరు నాటితే చాలా?
- ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: పైమట్టి కొట్టుకుపోకుండా బాగా ఆపుతుంది. వాలుకు అడ్డంగా, మొక్కకూ మొక్కకూ 10-15 సెం.మీ. ఎడంతో వరసలు వేయండి. వేళ్లు 2-3 మీటర్లు దిగుతాయి, అంతకన్నా లోతున నీరు నిలిచి జారే వాలును మాత్రం పట్టలేవు. అక్కడ పై రెండు జవాబుల్లోని కాలువ, కంకర కావలసిందే. తొలకరికి నాటి, మొదటి ఏడాది ఎండల్లో తడి ఇవ్వండి.