తాతయ్య కథ పంపే ముందు

చిరంజీవి అమ్మలుకు పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు ఈ ఏడు అమెరికాలో బడి పిల్లలకు పెట్టే స్కొలాస్టిక్ రచనల పోటీకి తాతయ్య గుండె ఆపరేషన్ గురించి రాసింది పంపబోతున్నావనీ, వచ్చే ఆగస్టులో కళాశాలల దరఖాస్తుకు కూడా దాన్నే వ్యాసంగా మలచుకోవాలనుకుంటున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంట్లో రాయాలన్న బుద్ధి పుట్టిన పిల్లవు నువ్వొక్కదానివేనని లోలోపల పొంగిపోయాను. అంతలోనే, "చివర్లో నాన్న పోయినట్టు రాసిందక్కా, చదివి ఏడ్చేశాను" అంది మీ అమ్మ. ఆమె ఆ మాట అంటున్న సమయానికి మీ తాతయ్య పక్క గదిలో పత్రిక చదువుకుంటూ, అక్షరాలు మరీ చిన్నవిగా వేస్తున్నారని విసుక్కుంటున్నారు. అప్పటినుంచి నాకు కుదురు లేదు, అందుకే ఈ ఉత్తరం.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. ఆ పోటీకి గడువు ప్రాంతాన్ని బట్టి మారుతుంది కాబట్టి మీ ప్రాంతపు తేదీ చూసుకొని, దానికి వారం ముందే పంపు. సిఫారసు లేఖలు రాయవలసిన ఉపాధ్యాయులను పదకొండో తరగతి ముగిసేలోపే అడుగు. ఎర్లీ డెసిషన్ అంటే, ఒక కళాశాలకు ముందుగానే దరఖాస్తు పెట్టి, సీటు ఇస్తే అక్కడే చేరతానని మాట ఇవ్వడం. ఫీజు సంగతి అమ్మానాన్నలతో తేల్చుకోకుండా దాని మీద సంతకం పెట్టకు. పోటీకి ప్రవేశ రుసుము ఉన్నంత మాత్రాన అది మోసం కాదు గాని, పంపిన ప్రతివారినీ ఫైనలిస్టుగా ప్రకటించి, మీ రచన ఉన్న సంకలనం కొనుక్కోండని వెంటపడే వాళ్ల ఉత్తరాలకు జవాబు కూడా రాయనక్కరలేదు.

ఇక అసలు విషయం. 1923 నుంచి జరుగుతున్న ఆ పోటీలో కథానికకు ఒక విభాగం, స్వీయానుభవ వ్యాసానికి మరొక విభాగం ఉన్నాయి. కథ అని పంపితే అందులో తాతయ్యను నువ్వు ఏం చేసినా అడిగే హక్కు నాకు లేదు, కల్పనకు ఆ స్వేచ్ఛ ఉంది. కాని మీ అమ్మ చెప్పినదాన్ని బట్టి నువ్వు దాన్ని స్వీయానుభవం కిందనే పంపాలనుకుంటున్నావు, ఎందుకంటే నిజంగా జరిగిందంటే చదివేవాళ్లు ఎక్కువ కదులుతారని నీ లెక్క. ఆ లెక్క తప్పని నేను అనను. నలభై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పి, ఎన్నో పోటీల్లో న్యాయనిర్ణేతల బల్ల దగ్గర కూర్చున్నాను, మేమూ కదిలిపోయేవాళ్లమే. ఆ లెక్క ఒకప్పుడు నేనూ వేశాను కాబట్టే ఇంతగా చెబుతున్నాను. ఇది మీ అమ్మకు కూడా తెలియదు.

నాకు పదిహేనేళ్లప్పుడు పాఠశాలల మధ్య వ్యాసరచన పోటీ పెట్టారు. అంశం, నేను మరువలేని వ్యక్తి. వెనకటి ఏళ్లలో బహుమతి వచ్చిన వ్యాసాలు తెచ్చుకొని తిరగేస్తే, ప్రతిదాంట్లోనూ ఎవరో ఒకరు చనిపోయి ఉన్నారు. నేను రాయదలచుకున్నది మా నాయనమ్మ గురించి. ఆవిడేమో నిక్షేపంగా ఉంది. రెండు రోజులు ఆలోచించి, మూడో రోజున ఒక వానాకాలపు సాయంత్రం ఆమెను చంపేశాను. దీపం రెపరెపలాడించాను, వానను ఆపించాను, పోతూ పోతూ ఆమె చేత "నా కళ్లు నీ పుస్తకాల్లో పెట్టి వెళుతున్నాను" అని కూడా అనిపించాను. నాకే మొదటి బహుమతి వచ్చింది, వ్యాసం వాళ్ల సంచికలో అచ్చయింది.

నాయనమ్మకు చదువు రాదు. తన గురించి ఏం రాశానో చదివి వినిపించమంటే, ఆ రెండు పేరాలూ దాటేసి మిగిలింది చదివాను. మురిసిపోయింది. రెండు రోజుల తరువాత పక్కింటి పిల్లవాడెవడో సంచిక అంతా పైకి చదివి వినిపించాడట. నేను బడి నుంచి వచ్చేసరికి ఆవిడ చిరిగిన దుప్పటికి మాసిక వేస్తోంది. తల ఎత్తకుండా సూదీ దారమూ నా చేతికిచ్చి ఎక్కించమంది. ఎక్కించి ఇచ్చాక, "చూడ్డానికి ఎవరెవరు వచ్చారో రాయలేదేమే?" అంది. నవ్వుతూ అందో, నొచ్చుకొని అందో ఈనాటికీ తేల్చుకోలేకపోతున్నాను. తరువాత ఆ మాటే మళ్లీ ఎత్తలేదు.

ఆరేళ్లకు ఆమె నిజంగానే పోయింది. చివరి మాటలంటూ ఏమీ లేవు. కిటికీ రెక్క వెయ్యమంది, వేశాను, కాసేపటికి మళ్లీ తియ్యమంది. ఆ నెలంతా ఆమె గురించి రాద్దామని కూర్చున్నప్పుడల్లా నేను పదిహేనేళ్ల వయసులో అల్లిన ఆ పుస్తకాల్లో కళ్ల వాక్యమే ముందుకు వచ్చి నిలబడేది, దాని వెనక ఆ కిటికీ రెక్క కనబడేది కాదు. ఆ తరువాత ఎందరి మీదనో రాశాను గాని, ఆమె మీద ఇంతవరకు ఒక్క పేజీ పూర్తి చేయలేకపోయాను.

దరఖాస్తు వ్యాసం దగ్గర ఈ తప్పు ఇంకా ప్రమాదకరం. అమెరికాలో చాలా కళాశాలలకు ఒకే దరఖాస్తుగా పనికివచ్చే కామన్ అప్లికేషన్‌లో ఆ వ్యాసానికి 650 పదాల హద్దు ఉంది. అన్నీ నింపాక, ఇదంతా నా సొంత రచన, ఇందులో ఉన్నదంతా నిజం అని సంతకం పెట్టాలి. పోటీలో తప్పు రాస్తే బహుమతితో పోతుందేమో గాని, ఇక్కడ వచ్చిన సీటు కూడా వెనక్కి పోవచ్చు. జాతిని చూసి ప్రవేశాలు ఇవ్వడం కుదరదని 2023లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూనే, జాతి తన జీవితాన్ని ఎలా తాకిందో విద్యార్థి వ్యాసంలో రాసుకుంటే దాన్ని పరిగణించవచ్చని కూడా చెప్పింది. అప్పటినుంచి పిల్లలంతా తమ కష్టాలను తవ్వి తీయాలన్న ఒత్తిడి మరీ పెరిగిందని నాకు అనిపిస్తోంది. కష్టం లేని పిల్ల అదొక లోటని భయపడి, పక్కవాళ్ల కష్టాన్ని తెచ్చి పెట్టుకుంటోంది. నీకు పెద్ద కష్టాలు లేవు తల్లీ, అందుకు మేమందరం ఎంత సంతోషిస్తామో నీకు తెలియదు.

బహుమతి వస్తే సీటు వచ్చినట్టేనని కూడా అనుకోకు. అదే దరఖాస్తులో కార్యకలాపాలకు పది వరసలు, ఒక్కోదానికి 150 అక్షరాలు. గౌరవాలకు అయిదు వరసలు. నీకు ఆ పోటీవాళ్లు ప్రాంతపు స్థాయిలో ఇచ్చే పెద్ద బహుమతి గోల్డ్ కీ, అంటే బంగారు తాళంచెవి, వచ్చిందే అనుకో, అది ఆ అయిదింట్లో ఒకటి ఆక్రమిస్తుంది, అంతే. హార్వర్డ్ వంటి చోట్ల నూటికి అయిదుగురికన్నా తక్కువ మందికే సీటు దొరుకుతోంది, కాబట్టి పేరుకు తాళంచెవే అయినా ఆ తలుపులకు అది పట్టదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమైతే ఎనిమిది ప్రశ్నల్లో నాలుగింటికి, ఒక్కోదానికి 350 పదాలు మించకుండా జవాబులు అడుగుతుంది. పోటీకి రాసింది అక్కడ ముక్కలు చేసి అతికిస్తే అతుకులు కనబడతాయి. వేటికవే రాసుకో.

కృత్రిమ మేధ చేత రాయించవద్దని నీకు వేరే చెప్పనక్కరలేదనుకుంటాను. మీ నాన్న చేతా, ఎంత ప్రేమ ఉన్నా నా చేతా కూడా దిద్దించకు. చిత్తుప్రతి పంపితే చదివి, ఎక్కడ నమ్మలేకపోయానో మాత్రం చెబుతాను. కలం పట్టుకోను.

నిన్ను నిలదీయాలని రాయలేదు ఇదంతా. ఆపరేషన్ జరిగిన వారం నీకు నిద్ర లేదనీ, ఫోను పక్కనే పెట్టుకొని కూర్చునేదానివనీ మీ అమ్మ చెప్పింది. ఆ భయాన్ని అది ఉన్నంత మేరకే రాస్తే చాలు. ఆయన్ని చంపితే తప్ప అది కనబడదని నీకు ఎవరు చెప్పారు? కథకు మల్లే చివరలో ఏదో ఒకటి జరగాలి కదా అంటావేమో. ఆపరేషన్ గదిలోకి తీసుకువెళ్లేటప్పుడు మీ తాతయ్య కళ్లజోడు తీసి ఎవరికీ ఇవ్వలేదట. నర్సు అడిగినా ఇవ్వకుండా, మడిచి పిడికిట్లో పట్టుకొనే తలుపు దాకా వెళ్లారని మీ మామయ్య చెప్పాడు. ఎందుకలా పట్టుకున్నారో మేమెవరం అడగలేదు. ఈ ఆదివారం ఫోను చేసినప్పుడు నువ్వు అడుగు.

మీ పెద్దమ్మ