వార్డులో కట్టేశారు, అడిగితే ‘కాన్ఫిడెన్షియల్’ అంటున్నారు: అలా అనవచ్చా?

కర్నూలులో సైకియాట్రీ వార్డులో ఉన్న తమ్ముడిని మంచానికి కట్టేశారని, అడిగితే వివరాలు రహస్యమంటున్నారని రాశారు. మీకలా చెప్పడం కుదరదు. గోప్యత రోగి హక్కు, ఆసుపత్రికి రక్షణ కవచం కాదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 23 ప్రకారం రోగి వివరాలు బయటికి పొక్కకూడదు. కానీ నామినేటెడ్ ప్రతినిధికి, అంటే చికిత్స విషయాల్లో రోగి తరఫున నిలిచే వ్యక్తికి, చెప్పవచ్చు. మీ తమ్ముడు ఎవరినీ నియమించుకోకపోతే సాధారణంగా బంధువే ఆ ప్రతినిధి. సెక్షన్ 97 ఇంకా గట్టిది: ఒంటరిగా బంధించడం నిషేధం. కట్టేయడం తక్షణ ప్రమాదాన్ని ఆపడానికి వేరే దారి లేనప్పుడే, అదీ సైకియాట్రిస్టు అనుమతితో. కారణం, ఎంతసేపు కట్టారన్నది కేస్ షీటులో రాయాలి, ప్రతినిధికి 24 గంటల్లో చెప్పాలి, నెలనెలా మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డుకు (ఈ చట్టం కింద రోగుల ఫిర్యాదులు వినే సంస్థ) నివేదించాలి. రాతపూర్వకంగా అడగండి, నోటిమాటకు విలువుండదు.

జవాబు రాకపోతే ముందు ఇన్‌ఛార్జి వైద్యాధికారికి, తర్వాత బోర్డుకు ఫిర్యాదు చేయవచ్చు. సర్కారు ఆసుపత్రైతే, నెలలో ఎంతమందిని కట్టారన్న లెక్క పేర్లు లేకుండా సమాచార హక్కు కింద ఎవరైనా అడగవచ్చు.

కోపంలో తమ్ముడి ఫొటో మాత్రం లోకల్ ఛానెల్‌కు ఇవ్వకండి. దానికి అతని సమ్మతి ఉండాలి (సెక్షన్ 24), మీ సమ్మతి చాలదు.