జోడిపి పిల్లలను అమ్మకండి, దాణా మొదలుపెట్టండి

ప్రశ్న: మాది పరకాల దగ్గర. మూడు నెలల కింద 30 నెల్లూరు జోడిపి పొట్టేలు పిల్లలను కొన్నాం. అప్పుడు ఒక్కోటి 12 కిలోలు. కొట్టంలోనే ఉంచి పావు కిలోకు కొంచెం ఎక్కువ వరిగడ్డి, కిలోన్నర సూపర్ నేపియర్, సాయంత్రం గుప్పెడు తవుడు ఇస్తున్నాం. ఇప్పటికీ 15, 16 కిలోలే. నట్టలు ఉన్నాయని ఆల్బెండజోల్ మూడుసార్లు తాగించాం. మందుల షాపాయన ఈ జాతి మన దిక్కు పనికిరాదు, అమ్మేసి మాచర్ల పిల్లలను తెచ్చుకోండి, అప్పటిదాకా లివర్ టానిక్ పోయండి అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: జాతి మార్చకండి, టానిక్ కొనకండి. మీ పిల్లలకు జబ్బు లేదు, తిండిలో శక్తి చాలడం లేదు.

లెక్క చూడండి. 15 కిలోల పిల్ల ఏమీ పెరగకుండా ప్రాణంతో నిలబడటానికే రోజుకు సుమారు 200 గ్రాముల జీర్ణమయ్యే పోషకాలు (టి.డి.ఎన్.) కావాలి. రోజుకు 100 గ్రాములు పెరగాలంటే 370 నుంచి 400 గ్రాములు. వరిగడ్డిలో ఇవి నూటికి 40 పాళ్లకు కాస్త పైన, మాంసకృత్తులు 3, 4 పాళ్లే. కిలోన్నర నేపియర్ చూడటానికి మోపెడు కనిపించినా అందులో ఎండు పదార్థం పావు కిలో చిల్లరే, మిగతాదంతా నీళ్లు. అన్నీ కలిపితే మీ పిల్లకు 290 గ్రాములు అందుతోంది. మాంసకృత్తులు 80 గ్రాములు కావాల్సిన చోట సగం కూడా లేవు. అందుకే రోజుకు 40 గ్రాములు పెరిగి ఆగిపోతున్నాయి. ఈ మేతకు అంతకన్నా రాదు.

ఇదే మేత మాచర్ల పిల్లకు వేస్తే ఇంకా నష్టం. పెద్ద కట్టు ఉన్న జాతి ముందు ఎముక పెంచుకుంటుంది, కండ ఆలస్యంగా పడుతుంది. దాణా నిండుగా పెట్టి ఎక్కువ నెలలు ఆగగలిగినవాళ్లకే అది లాభం. దక్కని గొర్రె వేరు, ఎండిన బీళ్లలో, కోసిన చేలల్లో తిరిగి బతకగలదు. మేపుకు తోలేవాళ్లు దాన్నే ఉంచుకోవాలి. అయితే తిరగడానికే, ప్రాణంతో నిలబడటానికి కావాల్సిన శక్తి మీద పావు వంతు నుంచి సగం దాకా అదనంగా ఖర్చవుతుంది. తిప్పి, సాయంత్రం వరిగడ్డి పడేస్తే అది కూడా బరువెక్కదు. కొట్టంలో దాణా మీద పెంచడానికి జోడిపి సరిపోతుంది. మీ ఎంపిక సరైనదే.

దాణా 100 కిలోలకు మక్కలు 45, పల్లి చెక్క 20, కంది చున్నీ (పప్పు పట్టగా మిగిలే నూక, పొట్టు) 16, నూనె తీసిన తవుడు 15, గొర్రెల ఖనిజ మిశ్రమం 2, సున్నపురాయి పొడి 1, ఉప్పు 1 కిలో. మక్కలను బరకగా పట్టించండి, పిండి చేయొద్దు. దీనికి అమ్మోనియం క్లోరైడ్ అర కిలో కలపండి. తవుడు, గింజల్లో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. మగపిల్లలకు మూత్రంలో రాళ్లు పడి మూత్రం బంద్ అవుతుంది. సున్నపురాయి పొడి, అమ్మోనియం క్లోరైడ్, ఎప్పుడూ అందుబాటులో ఉండే మంచినీళ్లూ ఆ రాళ్లు పడకుండా ఉండటానికే.

ఖనిజ మిశ్రమం దగ్గర జాగ్రత్త. షాపులో బర్రెలది అంటగడతారు. అందులో రాగి ఎక్కువ. గొర్రెకు రాగి కార్జంలో పేరుకుపోయి, ఒకరోజు హఠాత్తుగా కళ్లు పచ్చబడి, మూత్రం ఎర్రగా వచ్చి చస్తుంది. కోళ్ల దాణా కూడా పెట్టొద్దు.

దాణా ఒక్కసారి నిండుగా పెడితే చిటుకు రోగం (పేగుల్లో విషం పుట్టి హఠాత్తుగా చంపే జబ్బు) కొడుతుంది. ముందు దాని టీకా వేయించండి, 15 రోజులకు రెండో మోతాదు. టీకా రోజు నుంచే తలకు రోజుకు 50 గ్రాములతో మొదలుపెట్టి, మూడు రోజులకోసారి 50 పెంచండి. 200 దగ్గర ఆగండి. రెండో మోతాదు పడ్డాక వారం రోజులు ఆగి 300కు రండి, 20 కిలోలు దాటాక 350 నుంచి 400. రెండు పూటలా పంచండి. తొట్టి పిల్లకు అడుగు చొప్పున ఉండాలి, లేకపోతే బలమైనవి మెక్కి పొట్ట ఉబ్బుతాయి, బక్కవి పస్తుంటాయి. పొట్ట బిగిసి, పలచగా పారి, పడుకుండిపోయిన పిల్లకు దాణా ఆపి, తినే సోడా 10 నుంచి 15 గ్రాములు పావు లీటరు నీటిలో నెమ్మదిగా తాగించి డాక్టరును పిలవండి.

వరిగడ్డిని బర్రెలకు ఉంచండి. పొట్టేళ్లకు పల్లికట్టె, కందిపొట్టు, పెసరపొట్టు ఏది దొరికితే అది 200 గ్రాములు. నేపియర్‌ను 45 రోజులకే కోయండి, ముదిరితే కట్టెతో సమానం. సుబాబుల్ ఆకు పచ్చిమేతలో మూడో వంతు మించొద్దు.

ఇక నట్టల మందు. మూడు నెలల్లో మూడుసార్లు ఒకే మందా? పెంటికలు పరీక్ష చేయించకుండా, బరువు చూడకుండా, మూతతో కొలిచి పోస్తారు. తక్కువ మోతాదుకు చావని నట్టలే మందుకు లొంగనివిగా మిగులుతాయి. నాలుగో డోసు పోయకండి. ఐదారు పిల్లల పెంటికలు తాజావి తీసి మీ పశువైద్యశాలకో మామునూరు పశువైద్య కళాశాలకో ఇవ్వండి. గుడ్లు ఎక్కువగా కనిపిస్తే డాక్టరు సలహాతో లెవామిసోల్, కిలో బరువుకు 7.5 మిల్లీగ్రాములు, అంటే 15 కిలోలకు 112. దవడ కింద నీరు దిగితే కార్జపు జలగ ఉండొచ్చు, దానికి మందు వేరు.

వేలాడే కాటా ఒకటి కొనండి, టానిక్ డబ్బులతోనే వస్తుంది. ఐదు పిల్లలకు రంగు గుర్తు పెట్టి, 15 రోజులకోసారి పొద్దున మేత వేయకముందు గోనెసంచిలో వేలాడదీసి తూచి రాసుకోండి. దాణా 300కు వచ్చాక 15 రోజులకు కిలోన్నర రావాలి. కిలోకన్నా తక్కువ వస్తే ఆ రాసిన కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి, షాపుకు కాదు.