ఏసీలో నీలం లైటు వెలిగితే గాలి బాగుపడినట్టేనా?

ప్రశ్న: శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర మాకు బట్టల షోరూమ్ ఉంది. డక్టబుల్ ఏసీ (గొట్టాల గుండా గాలి పంపేది) వేస్తే ముక్కిపోయిన వాసన వస్తోంది. లోపల యూవీ లైటు పెట్టిస్తే వాసన పోతుంది, వైరస్‌లూ చస్తాయి, ఫోన్‌లో యాప్‌తోనే ఆన్, ఆఫ్ చేసుకోవచ్చు అంటున్నాడు మెకానిక్. పెట్టించమంటారా?

జవాబు: వానలు మొదలైతే చాలు, ఇదే ప్రశ్న. మీ మెకానిక్ మాటల్లో సగం నిజం. కూలింగ్ కాయిల్ ఎప్పుడూ తడే, కింద డ్రెయిన్ ట్రేలో నీళ్ళు, పైగా మన తీరంలో తేమకు కొదవా? బూజు పట్టక ఏమవుతుంది? 254 నానోమీటర్ల యూవీ-సీ (సూక్ష్మజీవులను చంపే అతినీలలోహిత) వెలుతురు గంటల తరబడి కాయిల్ మీద పడితే ఆ బూజు పెరగదు. అయితే ముందు కాయిల్, ట్రే శుభ్రంగా కడిగించండి. చాలా చోట్ల వాసన అక్కడితోనే పోతుంది, లైటు ఖర్చే ఉండదు.

వైరస్ సంగతి వేరు. కాయిల్ కదలదు, గాలి ఆగదు. దీపం ముందు నుంచి సెకను లోపే దాటిపోతుంది. ఆ కాస్త వ్యవధిలో పని జరగాలంటే గాలి వేగం లెక్కగట్టి, శక్తిమంతమైన దీపాలు వరసగా పెట్టాలి. ఒక్క ట్యూబు బిగించి వైరస్ చచ్చిందంటే ఎలా? 1937-41 మధ్య అమెరికాలో విలియం వెల్స్ అనే పరిశోధకుడు బడి గదుల్లో ఇలాంటి దీపాలతో తట్టు వ్యాప్తిని తగ్గించి చూపించాడు నిజమే. కానీ అవి డక్టులో కాదు, పిల్లల తలలకు పైన, గదిలోనే ఉండేవి. ఇక దుమ్ము, పొగ యూవీకి లొంగవు. వాటికి ఫిల్టరే దిక్కు.

నా టెన్షన్ అంతా ఆ యాప్ గురించే. యూవీ-సీ కంటికి కనిపించదు. మనం చూసే నీలం దాని పక్కన వచ్చే వెలుతురు మాత్రమే. సూటిగా చూస్తే వెల్డింగ్ చూసినట్టే, అప్పటికేమీ తెలియదు, కొన్ని గంటలయ్యాక కళ్ళలో ఇసుక పోసినట్టు మంట. అందుకే ఏసీ తలుపు తీయగానే దీపం ఆరిపోయే స్విచ్ పెడతారు. వెలుగుతోందో లేదో చూసుకోవాలని ఆ స్విచ్‌ను ఇన్సులేషన్ టేపుతో నొక్కి కట్టేసిన యూనిట్ నేను చూశాను. దానికి తోడు యాప్ కూడా ఉంటే? కుర్రాడు లోపల తల పెట్టి ట్రే తుడుస్తుంటే, కౌంటర్ దగ్గర ఎవరో ఫోన్‌లో ఆన్ నొక్కవచ్చు.

ఇంకో సంగతి. బిగించే రోజు తొందరలో మెకానిక్ తన ఫోన్ నంబరుతోనే అకౌంట్ తెరుస్తాడు. అంటే మీ దీపానికి యజమాని అతనే. పాస్‌వర్డ్ ఏమో 12345678. అదే వైఫై మీద మీ బిల్లింగ్ కంప్యూటర్. ఇంతకీ దీపానికి నా లొకేషన్, కాంటాక్టులు ఎందుకో! గీజరు, ఫ్యాను, దోమల మెషీను, ప్రతిదానికీ ఒక యాప్. డిజైన్ చేసినవాళ్ళు ఒక్కసారైనా నిచ్చెన ఎక్కి ఏసీ విప్పి చూశారా అని నా అనుమానం.

పెట్టించుకునేట్టయితే యాప్ లేనిది, డోర్ స్విచ్ ఉన్నది తీసుకోండి. యాప్ తప్పదంటే అకౌంట్ మీ నంబరుతో తెరిచి, గెస్ట్ వైఫైకి (బిల్లింగ్ కంప్యూటర్ లేని వేరే కనెక్షన్‌కి) కలపండి. దీపం మీద బిగించిన తేదీ మార్కర్‌తో రాయండి. దాదాపు 9000 గంటలు, అంటే ఆపకుండా వెలిగితే ఏడాదికి, దాని బలం తగ్గిపోతుంది, నీలం మాత్రం వెలుగుతూనే ఉంటుంది. లోపల పాదరసం ఉంటుంది కాబట్టి పాతదాన్ని చెత్తబండిలో పడేయొద్దు.

ప్రశ్న: విజయనగరం కంటోన్మెంట్‌లో ఉంటాం. ఆన్‌లైన్‌లో కొన్న యూవీ స్టిక్ స్ప్లిట్ ఏసీలో అతికించాం. జెరాక్స్ షాపు వాసన వస్తోంది. అమ్మకు ఆయాసం ఉంది.

జవాబు: ఆ వాసన ఓజోన్ అనే ఘాటైన వాయువుది అయి ఉండొచ్చు. 185 నానోమీటర్ల కిరణాలు కూడా వదిలే దీపాలు ఓజోన్ పుట్టిస్తాయి, ఆయాసం ఉన్నవాళ్ళకు అది అస్సలు పడదు. ఇవాళే తీసేయండి. తీసేటప్పుడు మెయిన్ ఆపండి, రిమోట్‌తో ఆపితే చాలదు. ఎక్కువ రోజులు ఉంచి ఉంటే యూవీ తగిలి లోపలి ప్లాస్టిక్ బ్లోయర్ పెళుసెక్కిందేమో కూడా చూపించండి.