పేనం పడుగు మీదుంది

చిరంజీవికి ఆశీస్సులు.

పాకిస్తాన్‌కి చిక్కిన మత్స్యకారుడి భార్య మీద నువ్వు రాసిన కథ అందింది, రెండుసార్లు చదివాను. మొగుడి నంబరు మోగదని తెలిసినా ఆ ఇల్లాలు రోజూ రాత్రి తన ఫోన్ ఛార్జింగ్ పెట్టి, దాని మీద చెయ్యి వేసుకుని పడుకునే చోటు బాగుంది. అది నా మనసు పట్టుకుంది. అందుకే ఆ తర్వాతి వాక్యం మీద అంత కోపం వచ్చింది.

"ఆమె 14 నెలలు లేత కొక్కేలకు వేలాడింది" అని రాశావు. మొదటిసారి చదివినప్పుడు అచ్చుతప్పేమో అనుకున్నాను. రెండోసారి తెలిసింది, అది 'ఆన్ టెంటర్‌హుక్స్' అనే ఇంగ్లీషు మాట అని. ఏమవుతుందోనని ఆందోళనతో కాచుకుని ఉండటమని దానర్థం. టెంటర్‌ని నువ్వు టెండర్, అంటే లేత, అనుకున్నావు. ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవాళ్లే చాలామంది ఆ పొరపాటు చేస్తారు, దానికి నిన్నేమీ అనను. ఆ కొక్కేలు ఏమిటో కనుక్కోకుండా ఒక మత్స్యకారుడి భార్యని వాటికి తగిలించావు చూడు, అది తప్పు.

టెంటర్ అంటే చెక్క చట్రం. ఉన్ని బట్ట నేశాక తడిపి, బాది, జిడ్డు వదలగొడతారు. తడి ఉన్ని ఆరేటప్పుడు ముడుచుకుపోతుంది. అందుకని అంచులు చట్రానికున్న కొక్కేలకు గుచ్చి, బిగలాగి, ఎండకీ గాలికీ వదిలేసేవారు. ఇంగ్లండులో ఈ చట్రాల కోసమే ఊళ్ల పక్కన మైదానాలుండేవి. బట్టల మిల్లుల్లో ఈనాటికీ స్టెంటర్ అనే యంత్రం ఉంది, అదీ ఇదే పని. ఆరేదాకా ఆ బట్ట ముడుచుకోలేదు, జారిపోలేదు. ఏ కబురు వస్తుందో తెలియక నెలల తరబడి కాచుకున్న మనిషిని చూసి అక్కడివాళ్లకి ఆ బట్ట గుర్తొచ్చింది. 1748లో అచ్చయిన ఒక నవలలో ఈ పోలిక కనిపిస్తుంది. రోజూ కళ్లముందు జరిగే పనిలోంచి తీసుకున్న మాట కాబట్టే ఇన్నేళ్లు బతికింది.

మరి నీ కథలో ఆవిడ ఉన్ని బట్ట ఎప్పుడు చూసింది?

మాది పొందూరు. వాలుగ చేప దవడతో పత్తి దువ్వే ఊరు. మా నాన్న నేతగాడు. తెల్లారకుండానే వీధి పొడవునా పడుగు, అంటే మగ్గానికెక్కే నిలువు పోగులు, చాపి, గంజి పట్టించి, కుంచెతో దువ్వేవాడు. అది ఆరేలోపు చినుకు పడిందా, పోగులు అంటుకుపోయేవి, వారం కష్టం మట్టిపాలు. తూర్పున మబ్బు కనిపిస్తే ఇంట్లో ఎవరమూ మాట్లాడేవాళ్లం కాదు. మా అమ్మ గుమ్మంలో నిలబడి "పేనం పడుగు మీదుంది" అనేది. పేనమంటే ప్రాణం. తర్వాత మా అన్నయ్య ఉద్యోగం కోసం వెళ్లి ఆరు నెలలు ఉత్తరం రాయనప్పుడూ ఆ మాటే అంది. అప్పుడు వీధిలో పడుగూ లేదు, మబ్బూ లేదు.

ఆ మాటతోనే నా మొదటి కథ రాశాను. ఒక వారపత్రిక తీసుకుంటున్నట్టు కార్డు రాసింది. ఆ తర్వాత రెండున్నరేళ్లు రోజూ పదకొండు గంటలకి పోస్టాఫీసు అరుగు మీద పడిగాపులు. చివరికి అచ్చయింది. మా అమ్మ మాట తీసేసి, 'ఆమె హృదయం తీవ్ర ఆందోళనతో విలవిలలాడింది' అని వేశారు. ఆ సంపాదకుణ్ణి నేను ఇప్పటికీ క్షమించలేదు. మాండలికం ఎవరికీ అర్థం కాదని అప్పట్లో వాళ్ల వాదన. ఇప్పుడు ఇంగ్లీషు పలుకుబడిని తెలుగు అక్షరాల్లో పెడితే కొత్తదనం అంటున్నారు. రెండింటిలోనూ గుమ్మంలో నిలబడ్డ మనిషి నోరు నొక్కేయడమే ఉంది.

గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో మన శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూ, సవర భాష కోసం ఆ భాష మాట్లాడే మనిషినే ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. నువ్వూ విజయనగరం నుంచి ఎచ్చెర్ల తీరానికి వెళ్లి, అక్కడివాళ్ల మాట విను.

నువ్వు తీసుకున్న విషయం చిన్నది కాదు. 2018 నవంబరులో మన రెండు జిల్లాల మత్స్యకారులు గుజరాత్ వేరావల్ నుంచి వేటకి వెళ్లి పాకిస్తాన్‌కి చిక్కారు. వాఘా దగ్గర ఇటు అడుగుపెట్టింది 2020 జనవరిలో. అన్నాళ్లూ ఈ తీరంలో ఆడవాళ్లు ఏదో ఒకటి అనుకుని ఉంటారు కదా, పొద్దున్న లేవగానే, కుళాయి దగ్గర, రాత్రి దీపం ఆర్పేటప్పుడు. ఆ మాట కావాలి నాకు. వలల్లోంచో, పడవల్లోంచో, ఉప్పు చేపలు ఎండేసే ఇసుకలోంచో వచ్చి ఉంటుంది. మా పడుగు మాట కూడా నువ్వు తీసుకోకు, అది నేతవాళ్లది.

కలంపేరు గురించీ, పోటీల గురించీ ఏదో అడిగావు. తర్వాత చూద్దాం. శ్రీకాకుళంలో కథానిలయం ఉంది, 1997 నుంచి తెలుగు కథలన్నీ అక్కడ పోగుపడుతున్నాయి. తీరానికి వెళ్లొచ్చాక ఒక రోజంతా అక్కడ కూర్చుని చదువు.

కొక్కేల వాక్యం కొట్టేసి కథ మళ్లీ పంపు. పోస్టులో వద్దు, నువ్వే పట్టుకురా, భోజనం మా ఇంట్లోనే. ఆ ఫోన్ ఛార్జింగ్ దగ్గర మాత్రం ఒక్క అక్షరం కూడా మార్చకు.