బేస్‌బాల్‌లో ఒకటి రెండేళ్లు వెలిగి మాయమైన పిచర్లు (బ్యాటర్‌కి బంతి విసిరేవాళ్లు) ఆ తర్వాత ఎలా బతుకుతారు?

ముందే చెప్పేస్తున్నా, నేను బేస్‌బాల్ ఆడినవాణ్ణి కాదు. గుంటూరులో ఇంజనీరింగ్ చదివేటప్పుడు కాలేజీ టీమ్‌కి మీడియం పేస్ వేసేవాణ్ణి. మూడో ఏడాది భుజం పోయింది. తర్వాత ఉద్యోగం కోసం వచ్చి డెట్రాయిట్ దగ్గర స్థిరపడ్డాను. ఇక్కడ భుజం నొప్పి మాట ఎత్తితే చాలు, యాభై దాటినవాళ్లలో ఎవరో ఒకరు ఒకప్పటి డెట్రాయిట్ టైగర్స్ జట్టు పిచర్ మార్క్ ఫిడ్రిచ్ కథ మొదలుపెడతారు. మీ ప్రశ్నకి నాకు తెలిసిన జవాబు ఆయనే.

నాకు ఆ కథ మొదట చెప్పింది మా ఆఫీసులో ఒక పెద్దాయన. 1976లో చిన్నపిల్లాడు, వాళ్ల నాన్నతో కలిసి టైగర్ స్టేడియంకి వెళ్లాడట. ఫిడ్రిచ్ అప్పటికి 21 ఏళ్ల కుర్రాడు, ఉంగరాల జుట్టు, పొడుగు కాళ్లు. పిల్లల టీవీ కార్యక్రమంలో వచ్చే పెద్ద పసుపు పిట్టలా ఉన్నాడని అందరూ 'బర్డ్' అని పిలిచేవారు. ఇన్నింగ్స్ మొదట్లో మోకాళ్ల మీద కూర్చుని, పిచర్ నిలబడే మట్టి దిబ్బని అరచేత్తో సాపు చేసేవాడు, మన ఇళ్లలో ముగ్గు వేసే ముందు నేల చదును చేసినట్టు. బంతి విసిరే ముందు దాన్ని చూస్తూ ఏదో గొణిగేవాడు. ఎవరైనా బాగా కొట్టారంటే ఆ బంతిని అంపైర్‌కి ఇచ్చేసి వేరేది అడిగేవాడు. తోటి ఆటగాడు మంచి క్యాచ్ పడితే వెళ్లి చెయ్యి కలిపేవాడు. జనానికి పిచ్చెక్కిపోయింది. జూన్ 28న న్యూయార్క్ యాంకీస్‌తో మ్యాచ్ గెలిచాక 47 వేల మందికి పైగా జనం కదలకుండా కూర్చున్నారు, బర్డ్ మళ్లీ బయటికొచ్చి చెయ్యి ఊపేదాకా.

ఆ ఏడాది 19 గెలుపులు, 9 ఓటములు. కొత్త ఆటగాళ్లలో అత్యుత్తముడి అవార్డు కూడా ఆయనకే. ఇదంతా చేసినందుకు ఆ ఏడాది జీతం 16,500 డాలర్లు.

ఇక నన్ను కలవరపెట్టిన అంకె వేరే ఉంది. ఆ సీజన్‌లో 29 మ్యాచ్‌లు మొదలుపెడితే 24 మ్యాచ్‌లు చివరిదాకా తనే విసిరాడు. మ్యాచ్‌కి మామూలుగా 9 ఇన్నింగ్స్, అంటే ఒక్కో జట్టు తొమ్మిదేసి సార్లు బ్యాటింగ్‌కి దిగుతుంది. వరుసగా రెండు మ్యాచ్‌లు 11 ఇన్నింగ్స్‌కి సాగితే అవి కూడా ఒక్కడే లాగాడు. క్రికెట్ తెలిసినవాళ్లకి చెప్పాలంటే, రోజంతా ఒకే ఎండ్ నుంచి ఒక్కడి చేతే వేయించడం లాంటిది. ఇప్పుడైతే ఏ టీమూ ఒప్పుకోదు. అప్పట్లో మాత్రం అది మగతనం కింద లెక్క. మా కెప్టెన్ కూడా అంతే, "ఇంకో రెండోవర్లు లాగెయ్‌రా" అనేవాడు, నేను స్ప్రే కొట్టుకుని లాగేసేవాణ్ణి.

1977లో సీజన్ మొదలవకముందే ప్రాక్టీస్‌లో గెంతుతూ మోకాలు దెబ్బ తీసుకున్నాడు. కోలుకుని వచ్చాక జూలైలో ఒక మ్యాచ్ మధ్యలో చెయ్యి చచ్చుబడినట్టయింది. మోకాలిని కాచుకుంటూ విసరడం వల్ల భుజం మీద భారం పడిందని చాలామంది అంటారు. మన వైపైతే దిష్టి తగిలిందనేవాళ్లు. మా అమ్మ నన్ను పుత్తూరు కట్టుకి తీసుకెళతానని కూర్చుంది, విరిగింది ఎముక కాదే అంటే వినదే!

భుజం గుండుని గూటిలో పట్టి ఉంచే నాలుగు కండరాలుంటాయి, వాటిని రొటేటర్ కఫ్ అంటారు. అది చిరిగితే బయటికి ఏమీ కనబడదు. నొప్పి ఉంటుంది, ఎవరూ నమ్మరు. అప్పటికి ఇవాళ్టిలా ఎంఆర్ఐ స్కాన్‌లు లేవు. ఫిడ్రిచ్ డాక్టర్ల చుట్టూ తిరుగుతూనే 1980 దాకా డెట్రాయిట్‌కి అడపాదడపా ఆడాడు. తర్వాత బోస్టన్ వాళ్ల చిన్న స్థాయి టీమ్‌లో ప్రయత్నించి 1983లో మానేశాడు. పెద్ద లీగ్‌లో మొత్తం 29 గెలుపులు, అందులో 19 ఆ ఒక్క ఏడాదివే. కఫ్ చిరిగిందని తేలింది 1985లో. అన్నేళ్లు అసలు తనకేమైందో తెలియకుండా విసిరాడన్నమాట. నాకు తెలియడానికి ఎనిమిది నెలలు పట్టింది, దానికే నేను మనిషిని కాకుండా పోయాను.

తర్వాత బతుకంటారా? మసాచుసెట్స్‌లో తను పెరిగిన నార్త్‌బరోలోనే పొలం కొనుక్కున్నాడు. పెళ్లి, ఒక కూతురు. పది చక్రాల లారీలో మట్టి, కంకర తోలేవాడు. అత్తగారి చిన్న హోటల్లో శని ఆదివారాలు సాయం చేసేవాడు. ఇదేదో పతనం అన్నట్టు కొందరు రాస్తారు, నాకలా అనిపించదు. లారీ నడుపుకోవడంలో తప్పేముంది? 2009 ఏప్రిల్ 13న ఆ లారీ కిందే మరమ్మతు చేస్తుండగా, తిరిగే ఇరుసుకి బట్టలు చుట్టుకుని చనిపోయాడు. 54 ఏళ్లు.

ఆ పాత స్టేడియం కూడా అదే ఏడాది పూర్తిగా కూల్చేశారు. ఇప్పుడక్కడ పిల్లలు ఆడుకునే గ్రౌండ్ ఉంది, ఒకసారి మా వాణ్ణి తీసుకెళ్లి చూపించాను. వాడికి పదేళ్లు, వాడూ పిచరే, మా పేటలో లిటిల్ లీగ్ ఆడతాడు. ఆ వయసుకి రోజుకి 75 బంతులే, 66కి చేరితే నాలుగు రోజులు విశ్రాంతి ఇవ్వాలని రూలు. బంతులు లెక్కపెట్టే పని అడిగి మరీ తీసుకున్నాను. మొన్న శనివారం వాడు 64 దగ్గర ఉండగా కోచ్‌కి వేలు చూపించాను, ఆపేశారు. ఇంకొక్క బ్యాటర్ నాన్నా అని గ్రౌండ్‌లోంచే అరిచాడు. కారులో ఇంటిదాకా నాతో మాట్లాడలేదు.